మొగలిపొదల అవతలి ఓటర్లు

1966లో వానలు వెనకబట్టాక నన్ను తూనికలు, కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగా టెక్కలికి బదిలీ చేశారు. నరసన్నపేట దాటిన దగ్గర్నుంచి భావనపాడు సముద్రం దాకా ఉన్న సంతలు, దుకాణాలు, రైసుమిల్లులు నా పరిధి. నా కింద ఉన్నది ఒకే ఒక్క ప్యూను. ప్రమాణపు రాళ్ళు, లీటరు డబ్బాలు, ముద్రలు ఉన్న పెట్టెను సైకిలు వెనక కట్టుకుని నాతో రావడం అతని పని.

మా శాఖ పేరు చెబితే వర్తకులకు ఒళ్ళుమంట. శేర్లూ వీశెలూ పోయి కిలోలు వచ్చాయి. కుంచాలూ అడ్డలూ పోయి లీటర్లు రావాలి. కాగితం మీద అప్పటికే వచ్చేశాయి గానీ ఊళ్ళలో ధాన్యం కొలత ఇంకా కుంచంతోనే నడిచేది. దుకాణంలోని ప్రతి రాయినీ, ప్రతి డబ్బానీ మా ప్రమాణంతో సరిచూసి, సరిగా ఉంటే ఆ సంవత్సరపు ముద్ర కొట్టాలి. తప్పుంటే ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా రాసి స్వాధీనం చేసుకోవాలి. రాయి అడుగు తొలిచేవాళ్ళు, తక్కెడ పళ్ళెం కింద చింతపండు అంటించేవాళ్ళు, కుంచంలో రెండో అడుగు బిగించేవాళ్ళు, ఇలాంటివాళ్ళను చూసీ చూసీ నాకు మనుషుల మీద భ్రమలేమీ మిగల్లేదు.

ఇప్పుడు చెప్పబోయేది రెండు ఊళ్ళ సంగతి. వాటి పేర్లు మార్చి రాస్తున్నాను. మెట్టపేట రైతుల ఊరు. అక్కడికి తూర్పున సరుగుడు తోట, దాని తరవాత మనిషెత్తు మొగలిపొదలు, పొదల అవతల ఒడ్డునే ఇసకపేట. అది చేపలు పట్టేవాళ్ళ ఊరు. రెండింటికీ మధ్య గట్టిగా కేక వేస్తే వినపడేంత దూరం. అయినా మెట్టపేటవాళ్ళు ఎవరూ ఇసకపేటవాళ్ళ మొహం చూసి ఎరగరు.

ఈ మాట మెట్టపేట మునసబు దాలినాయుడు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆయన తాతల నాడు ఇసకపేటలో కలరా వచ్చింది. జబ్బు తమ ఊళ్ళోకి రాకుండా మెట్టపేటవాళ్ళు దారికి అడ్డంగా ముళ్ళకంప వేశారు. అవతలివాళ్ళు కంప దాకా వచ్చి గంజి కోసం, గింజల కోసం అరిచారట. ఎవరూ పెట్టలేదు. కొన్నాళ్ళు అరుపులు వినిపించాయి, ఆ తరవాత వినిపించలేదు. బతికి బయటపడ్డ ఇసకపేటవాళ్ళు ఇక మీకు మా మొహం చూపించం అని ఒట్టు పెట్టుకున్నారు. మెట్టపేట పెద్దలు కూడా, ఆ ఊరివాళ్ళతో ఎదురుపడి బేరం చేసినవాడికి ఊళ్ళో నిప్పూ నీళ్ళూ బంద్ అని కట్టు విధించారు.

కానీ ఉప్పూ ఎండుచేపా లేకుండా వీళ్ళకు గడవదు, ధాన్యం లేకుండా వాళ్ళకు గడవదు. అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. తోట చివర కుంచం బండ అని ఒక పలకరాయి ఉంది. మిట్టమధ్యాహ్నం ఇసకపేటవాళ్ళు అక్కడ బుట్టలు పెట్టి పొదల్లోకి వెళ్ళిపోతారు. మెట్టపేటవాళ్ళు వచ్చి చాప మీద ధాన్యం కొలిచి, వెనక్కి వెళ్ళి గట్టు మీద అటు తిరిగి కూర్చుంటారు. కాసేపయ్యాక వెళ్ళి చూస్తే ధాన్యం పోయి బుట్టలు మిగిలి ఉంటాయి. బేరం నచ్చకపోతే ధాన్యం అలాగే ఉంటుంది. ఇంకో కుంచం పొయ్యాలి.

"అది సంతే గదా, నేను తనిఖీ చెయ్యాలి" అన్నాను. దాలినాయుడు నా పెట్టె వంక, నా వంక చూసి నెమ్మదిగా అన్నాడు. "రండి బాబూ. గానీ యెనక్కి తిరగొద్దు. అక్కడికొచ్చి గింజలు పట్టుకెల్లేది బతికున్నోల్లు కాదు. ఆ నాడు ఆకలితో సచ్చిపోనోల్లు."

ఇసకపేటలో బతికున్న మనుషులు ఉన్నారని ఆయనకు తెలియక కాదు. వాళ్ళ పడవల తెరచాపలు మెట్టపేట మేడ మీదికి కనిపిస్తాయి. ఓటర్ల జాబితాలో వాళ్ళ పేర్లు ఆయన దగ్గరే ఉన్నాయి. అయినా బండ దగ్గరికి వచ్చేసరికి ఆయన తెలివి ఆ గట్టు మీదే ఆగిపోయేది.

వెళ్ళాం. ఎండ నడినెత్తిన ఉంది. సరుగుడు తోటలో గాలి ఎక్కడా తెగకుండా ఒకే రొదగా మోగుతోంది. బండ మీద నెత్తళ్ళ ఎండుచేపల బుట్టలు, ఉప్పు బుట్టలు వరసగా ఉన్నాయి. నేను ముందుగా చూసింది బుట్టల్ని కాదు, చుట్టూ ఉన్న ఇసకని. నున్నగా ఉంది. ఒక్క అడుగు ముద్ర లేదు. అంత బరువు మోసుకొచ్చినవాళ్ళు నడిచి రాలేదా అనుకున్నాను.

ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తరవాతే రెండు, మూడు. ప్రతి కళ్ళంలోనూ వినిపించే పాట అది. దాలినాయుడు మాత్రం నోరు మెదపకుండా కొలిచాడు. శిఖ పెట్టి, అంటే పైన గోపురంలా నిలిచేదాకా పోసి, చేత్తో సరిచెయ్యకుండా వంచాడు.

గట్టు మీద అటు తిరిగి కూర్చున్నాం. నేను దెయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. నమ్మకపోవడం ఆ కాసేపట్లో నాకు ఏమీ అక్కరకు రాలేదు. వీపు మీద ఎవరిదో చూపు ఆనుకున్నట్టే ఉంది. ఆగలేక ఒకసారి తల తిప్పాను. గాలికి పొదలన్నీ ఇటువైపు వాలుతుంటే ఒక్క పొద మాత్రం అటువైపు వాలి, మళ్ళీ నిలబడింది. మనిషి కనపడలేదు. చాప ఖాళీగా ఉంది.

తిరిగొచ్చాక మునసబు అరుగు మీద ఆ కుంచాన్ని నా లీటర్లతో సరిచూశాను. పాత కుంచం కొలత కన్నా కాస్త ఎక్కువే పట్టింది. తక్కువ పట్టే కుంచాలు నేను బళ్ళకొద్దీ పట్టుకున్నాను. ఎక్కువ పట్టే కుంచం ఉద్యోగంలో అదే మొదటిది. చచ్చినవాళ్ళకు తక్కువ కొలిచే ధైర్యం మెట్టపేటలో ఎవరికీ లేదు. నిబంధన ప్రకారం కుంచమే చెల్లదు కాబట్టి, ముద్ర వేసిన లీటరు డబ్బా కొనుక్కోమని నోటీసు ఇచ్చి వచ్చేశాను.

ఆ తరవాత కొద్దిరోజులకు మునసబు తమ్ముడు తవిటినాయుడు టెక్కలిలో నా ఆఫీసుకి వచ్చాడు. నలభై దగ్గర పడుతున్న మనిషి, మాట నెమ్మది. కొనేవాడూ అమ్మేవాడూ ఒకరినొకరు చూసుకోని వ్యాపారం చట్టానికి ఒప్పేనా అని అడిగాడు. మా చట్టం కొలతనే చూస్తుంది గానీ మొహాలను చూడదని చెప్పాను. సరేనని, వచ్చే ఎన్నికల్లో శాసనసభకు ఇండిపెండెంటుగా నిలబడుతున్నానన్నాడు. ఆ కట్టు తీసెయ్యడమొక్కటే ఆయన వాగ్దానం. నాకు నవ్వొచ్చింది. బండ దగ్గరి బేరానికి శాసనసభ దాకా ఎందుకయ్యా అన్నాను.

"పంచాయితీకైతే మా అన్నయ్య ఆదిలోనే కూకోబెట్టెత్తాడండి. శాసనసభంటే ఇసకపేటోల్లూ నాకు ఓటర్లే. ఓటర్ని ఓటడగొద్దని ఏ పెద్దమనిసి సెప్తాడు సెప్పండి?" అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. అంత ఒద్దికైన ఎత్తు నాకు తట్టేది కాదు.

తరవాత అసలు సంగతి చెప్పాడు. మీసం మొలవని వయసులో తండ్రి కోసం బండ దగ్గరికి గింజలు మోస్తుండేవాడు. ఒకనాడు పొద అంచున పాము కరిచింది. కళ్ళు మూతలు పడుతుంటే ఎవరో కాలికి గుడ్డ బిగించి కట్టారు, ఇద్దరు ఎత్తుకున్నారు, ఊరి పొలిమేరలో గట్టు మీద పడుకోబెట్టి పోయారు. కళ్ళు తెరిచి చూడటానికి ఓపిక లేకపోయింది. చచ్చినవాళ్ళు మోసిన పిల్లడు అని ఊళ్ళో చాలాకాలం అతన్ని ముట్టుకోవడానికి భయపడ్డారు.

"ఆ సేతులు ఎచ్చగా ఉన్నాయండి. సచ్చినోల్ల సేతులు ఎచ్చగా ఉంటాయేటి? ఆల్లెవులో ఒకపాలి సూడాల. అంతే నాకు కావలసింది" అన్నాడు.

పెద్దలు ఊరుకోలేదు. నామినేషన్ వేసిన వారానికే అతనిమీద కూడా కట్టు పడింది. మంగలి రాడు, చాకలి రాడు, కూలీలు రారు. కోతలు అప్పటికే అయ్యాయి గనక ధాన్యం కుప్ప కళ్ళంలో నూర్చకుండా నిలబడిపోయింది. నూర్చకపోతే ఎలకల పాలు, మంచు పాలు. అతని ఇంటి ఏడాది తిండి ఆ కుప్పలోనే ఉంది. ఊళ్ళోవాళ్ళు అటుగా పోతూ కుప్పని చూసి, ఏమీ అనకుండా పోయేవారు.

సంక్రాంతి వెళ్ళాక తనిఖీకి అటు వెళ్ళినప్పుడు అతని ప్రచారం చూశాను. మధ్యాహ్నం బేరం వేళకి బండ దగ్గర నిలబడి, పొదల వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. ఎదురుగా ఒక్క మనిషి లేడు. నిచ్చెన గుర్తు ఉన్న కాగితం ఎత్తి పొదలకు చూపిస్తున్నాడు. "నా పేరు తవిటినాయుడండి. మునసబు తమ్ముణ్ణి. మీ ఓటు అడగడానికొచ్చాను. మీరు బైటికొచ్చి ఓటెయ్యాల. నాకెయ్యకపోయినా ఒచ్చి ఎయ్యాల" అని, జవాబు కోసం ఆగుతున్నాడు. మళ్ళీ అదే చెబుతున్నాడు. పొదలకు ఉపన్యాసాలిస్తున్నాడని మెట్టపేటలో నవ్వుకునేవారు. ఆ నవ్వు కూడా గొంతు తగ్గించి నవ్వేదే. నేను సైకిలు పట్టుకుని తోటలో నిలబడ్డాను. ఇక పోదామనుకుంటుండగా పొదల్లోంచి ఒక దగ్గు వినిపించింది. ముసలి దగ్గు.

తవిటినాయుడు నా వంక తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు. "ఇన్నారా? సచ్చినోల్లు దగ్గరు గదండి" అన్నాడు.

1967 ఫిబ్రవరి ఎన్నికల్లో గవర్నమెంటు ఉద్యోగులందరికీ పడినట్టే నాకూ డ్యూటీ పడింది. మెట్టపేట స్కూల్లో ప్రిసైడింగ్ ఆఫీసర్ని. అంటే ఆ గదికి ఆ రోజుకి నేనే సర్వాధికారిని. పార్లమెంటుకొక బ్యాలెట్టు, అసెంబ్లీకొక బ్యాలెట్టు. ఓటరు రాగానే మొదటి పోలింగ్ ఆఫీసరు జాబితాలో పేరు చూసి పైకి చదవాలి. అభ్యర్థుల ఏజెంట్లు వినాలి, మనిషి ఆ మనిషేనా చూడాలి. సందేహం వస్తే గుర్తుపట్టడానికి గ్రామ మునసబు అక్కడే కూర్చుంటాడు. ఏజెంటు ఆక్షేపించవచ్చు. అప్పుడు ప్రిసైడింగ్ ఆఫీసరు అక్కడికక్కడే విచారించి తేల్చాలి. ఆ మనిషి ఆ మనిషి కాదని ముందుగా చూపించాల్సిన బాధ్యత ఆక్షేపించినవాడిదే.

పొద్దున్నే మెట్టపేట ఓట్లు పడిపోయాయి. ఎండ ముదిరేసరికి వీధి ఖాళీ అయింది. ఒక్కొక్క ఇంటి తలుపూ మూసుకోవడం కిటికీలోంచి చూశాను. కుక్కలు కూడా అరుగుల కిందికి పోయాయి. బండ దగ్గర బేరం జరిగే వేళకి సరుగుడు తోటలోంచి వాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. చెంగులూ తుండ్లూ మొహాలకు అడ్డంగా కప్పుకుని, ఒక్క మాట లేకుండా వచ్చి స్కూలు ముందు వరస కట్టారు. అంతమంది నడిచొస్తే అడుగుల చప్పుడన్నా ఉండాలి. ఇసకలో నడిచే అలవాటేమో, అదీ లేదు.

మొదట ఒక ముసలామె లోపలికి వచ్చింది. పోలింగ్ ఆఫీసరు చదివాడు. "పోలమ్మ, భర్త నూకయ్య."

"నానే" అంది ఆమె. ఆ ఊళ్ళో ఇసకపేట గొంతు వినిపించడం ఎన్ని దశాబ్దాల తరవాతో. ఎదురింటి తలుపు వెనక ఏదో కింద పడి పగిలిన చప్పుడైంది.

మునసబుని అడిగాను. దాలినాయుడు కుర్చీలో బిగుసుకుపోయి "ఎరగను" అన్నాడు. పెద్ద పార్టీ ఏజెంటు వెంటనే లేచి ఆక్షేపణ చెప్పాడు. అతనిదీ మెట్టపేటే. ఈమె పోలమ్మ కాదని మీకెలా తెలుసు, అసలు పోలమ్మని ఎప్పుడైనా చూశారా అని అడిగాను. చూశానంటే కట్టు తప్పినట్టు. చూడలేదంటే ఆక్షేపణే లేదు. బయట వరసలో ఉన్న ఏ ఒక్కరినీ ఆ ఊరు గుర్తుపట్టే వీల్లేదు, కాదనే వీలూ లేదు.

అంతలో పోలమ్మ చెంగు తీసేసింది. నల్లటి ముడతల మొహం, తెల్లటి కళ్ళు. తిన్నగా మునసబు వైపు తిరిగింది.

"నువ్వు నన్నెరగవు గానీ నాను నిన్నెరుగుదును మునసబు బాబూ. నీ కుంచానికి అంచు కాడ సిన్న పగులున్నాది. లక్కెట్టి అతికించినావు. మీ అయ్య పోయిన యేడు గుండుతో ఒచ్చి కొలిసినావు, ఏడుసుకుంటా కొలిసినావు. నీ రెండో గుంటడు సచ్చినప్పుడు నెల్లాల్లు రానేదు. నువ్వటు తిరిగి కూకున్నప్పుడల్లా నాను నీ యీపు సూత్తానే ఉన్నాను."

నా వీపు మీద ఆనిన చూపు కూడా ఈమెదేనని తెలిసింది. దాలినాయుడి మొహం సున్నం కొట్టినట్టయింది. చాలాసేపు ఆమెనే చూశాడు. తరవాత నాతో, నేల చూస్తూ, "పోలమ్మే బాబూ" అన్నాడు. ఏజెంటు కూర్చున్నాడు.

ఎవరెవరో తెలియదు కాబట్టి ఆ తరవాత సాయంత్రం దాకా పోలింగ్ ఆఫీసరు జాబితా వరసలోనే పేర్లు చదువుతూ ఉన్నాడు. ఒక్కొక్క పేరుకీ "నానే" అని జవాబు వస్తూనే ఉంది. మూసిన తలుపుల వెనక ఊరంతా కూర్చుని ఆ పేర్లు విన్నది. "నూకయ్య" అన్నప్పుడు మాత్రం ఎవరూ పలకలేదు. వరసలోంచి ఎవరో "సంద్రం మీద ఏటకెల్లి పోనాడు" అన్నారు.

పోలింగ్ ముగిశాక, తమవాళ్ళ కోసం అప్పటిదాకా ఆగిన పోలమ్మని వరండాలో తవిటినాయుడు ఆపాడు. కిటికీ పక్కనే కాబట్టి నాకు వినపడింది. పాము కరిచిన సంగతి చెప్పి, నన్ను మోసిందెవరో తెలుసా అని అడిగాడు. ఆమె అతని కాలి వంక చూసి, "సంకల్లో సేతులేసి ఎత్తింది మా నూకయ్య. కాల్లు పట్టింది నాను. పోయిన యేడే గదా ఆడు పోనాడు. ఒక యేడు ముందడగనేకపోయావా నాయనా?" అంది. తవిటినాయుడు ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, వాటిని వదల్లేక నిలబడ్డాడు. నేను కిటికీ నుంచి తప్పుకుని బ్యాలెట్ పెట్టె మీద లక్క సీలు వెయ్యడానికి వెళ్ళాను. ఆ లక్క సరిగా పడలేదు, రెండోసారి వెయ్యాల్సి వచ్చింది.

తవిటినాయుడు ఘోరంగా ఓడిపోయాడు. డిపాజిట్టు దక్కలేదు. మిగతా నియోజకవర్గానికి అతనెవరో కూడా తెలియదు. కానీ లెక్కింపు జరిగిన మర్నాడు ఇసకపేట మగవాళ్ళు పట్టపగలు అతని కళ్ళంలోకి దిగి కుప్ప విప్పారు. ఎద్దుల్ని తిప్పడం వాళ్ళకు చేతకాదు. సగం గడ్డి తొక్కించి సగం గింజలు ఎగరేశారు. గోడల మీంచి చూస్తున్న మెట్టపేటవాళ్ళు ఉండబట్టలేక "ఒరే, అలగ కాదురా, ఎద్దుని లోపలికి తోలు" అని అరవడం మొదలుపెట్టారు. ఆ కేకతోనే కట్టు తెగింది. పెద్దలు దాన్ని తీసేసినట్టు ఎక్కడా ప్రకటించలేదు. బండ దగ్గర వారం వారం సంత కూడింది. ఇసక మీద అడుగులు పడ్డాయి. వెళ్ళేటప్పుడు వెనక సరుగుడు కొమ్మ ఈడ్చుకుంటూ ఆ అడుగులు తుడిచేవాళ్ళమని పోలమ్మ నాతో నవ్వుతూ చెప్పింది.

మరుసటి పంట ఇంటికొచ్చాక, ఒక సంతరోజు అదే పోలమ్మ టెక్కలి ఆఫీసు మెట్లెక్కి ఫిర్యాదు ఇచ్చింది. కొలత తక్కువ వస్తోంది. నేను పెట్టె కట్టించుకుని సంతకి వెళ్ళాను. దాలినాయుడు కొలుస్తున్నాడు. ఇప్పుడు గొంతెత్తి, పాటలాగా, "లాభం... రెండు... మూడు..." ఆయన చేతిలో ఉన్నది నా నోటీసు ప్రకారం కొన్న లీటరు డబ్బాయే. దాని మీద నా ముద్రే ఉంది. బోర్లించి కొడితే లోపల రేకు ఊడిపడింది. అడుగున రెండో అడుగు.

పంచనామాకి ఇద్దరు సాక్షులు కావాలి. మెట్టపేటవాళ్ళెవరూ ముందుకు రాలేదు. చివరికి తవిటినాయుడు ఒక్కడే వచ్చి అన్నయ్య మొహం చూడకుండా సంతకం పెట్టాడు. రెండో సాక్షిగా పోలమ్మ వేలిముద్ర వేసింది.

డబ్బా సీలు చేస్తూ ఆమెతో అన్నాను, పొదల్లో ఉన్నన్నాళ్ళూ మీకు శిఖ పెట్టి కొలిచారు, బయటికొచ్చాక ఈ సంగతి అని. ఆమె వేలికంటిన సిరా తుడుచుకుంటూ, "అవును బాబూ. అప్పుడు ఎక్కువే కొలిసీవోడు. గానీ తక్కువొస్తే ఎవుల్ని అడగాల? ఇప్పుడు ఆడి సొక్కా పట్టుకుని అడిగినాను" అని, దాలినాయుడి వైపు తిరిగి మళ్ళీ తిట్లు అందుకుంది. ఆయనా ఊరుకోకుండా బదులు తిట్టాడు.

రిటైరయ్యేదాకా నేను కొలతలే చూశాను. భయం వల్ల సరిగ్గా ఉన్న కొలతకు మా శాఖ ముద్రతో పనిలేదని మెట్టపేటలో తెలిసింది. ముద్ర అవసరమయ్యేది, కొలిచేవాణ్ణి ఎదురుగా నిలబడి అడిగే మనిషి ఉన్న చోటే.